అంగడి జాగలో నూటముప్పై అడుగుల గాలిమోటరు

ఆ ఉత్తరం రాకపోతే నేను ఎల్లారెడ్డి వెళ్లేదాన్ని కాదు.

కాకినాడలో ఒక పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక మాసపత్రికలో తొలి జెట్ విమానాల గురించి ఏడాదిపాటు వ్యాసాలు రాశాను. వాటిని పుస్తకంగా వేస్తానని ఒక ప్రచురణకర్త ముందుకొచ్చారు. ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చున్న రోజుల్లో గీతల కాగితం మీద నీలం సిరాతో రాసిన ఉత్తరం వచ్చింది.

"మేడం గారికి నమస్తే. మీరు రాసిన దాంట్ల ఒక తప్పున్నది. గాలిల పెట్రోలు పోసే గొట్టాన్ని నడిపెటాయన కుర్చీల కూసుంటడు అని రాసిన్రు. ఆ పాత గాలిమోటర్లల్ల కూసోడు. బోర్ల పండుకుంటడు. గడ్డం కింద మెత్త ఉంటది. ముంగట అద్దం ఉంటది. నేను ఆ మెత్త మీద పండుకున్న. ఇట్లు సాయిలు, స్ప్రేయర్ రిపేరు, ఎల్లారెడ్డి బస్టాండ్ పక్కన."

మొదట నవ్వొచ్చింది. తర్వాత నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేస్తే నవ్వు ఆగిపోయింది. గాలిలోనే వేరే విమానాలకు ఇంధనం పోసేవాటిని ట్యాంకర్లంటారు. తర్వాతి కాలంలో వచ్చిన ఒక పెద్ద ట్యాంకర్‌లో ఆ గొట్టాన్ని కూర్చునే నడుపుతారు. ఆ బొమ్మ చూసి, నేను తొలినాటి విమానాలకు కూడా అదే అంటించేశాను. సాయిలు చెప్పింది అక్షరాలా నిజం.

ప్రచురణకర్తకు ఫోన్ చేసి, ఈయన్ని కలిసి వచ్చాకే పుస్తకం అన్నాను. "ఒక్క వాక్యమే కదండీ, దిద్దేసి వదిలేయండి. ఆ మెకానిక్ కోసం అంతదూరం ఎందుకు?" అన్నారాయన. ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. వద్దన్నందుకే వెళ్లానేమో.

రైలులో

సికింద్రాబాద్‌లో కామారెడ్డి వెళ్లే రైలు ఎక్కాను. ఎదురుగా నలభై ఏళ్ల ఆడమనిషి, ఒళ్లో ఖాళీ సంచి. భర్తను విమానాశ్రయంలో దింపి ఇంటికి తిరిగి వెళ్తోందట. మా గోదావరి వైపు కూడా గల్ఫ్ వెళ్లేవాళ్లున్నారు గానీ, మా దగ్గర ఎక్కువగా వెళ్లేది ఆడవాళ్లు. ఇక్కడ మగవాళ్లు వెళ్తారు, ఆడవాళ్లు బీడీలు చేస్తూ ఇల్లు నడుపుతారు. ఏ దేశం వెళ్లినా అందరూ 'దుబాయి' అనే అంటారు.

నా చేతిలోని ప్రూఫు కాగితం మీది బొమ్మ చూసి ఆమె అడిగింది. "గిదేం గాలిమోటరు? కిటికీలే లెవ్వు."

ఉత్తరంలో చదివిన ఆ మాటను మనిషి నోట వినడం నాకు ఇదే మొదటిసారి. ఎంత బాగుందో! పుస్తకమంతా 'విమానం, విమానం' అని రాసిన నాకు కొంచెం అసూయ కలిగింది.

ఆమెకు చెప్పాను. డెబ్బై ఏళ్ల కిందట అమెరికాలో ఒక కంపెనీ కట్టిన నమూనా ఇది. అప్పటికి ప్రయాణికులు ఎక్కేవి దాదాపు అన్నీ ఫ్యాన్లు తిరిగే విమానాలే. వాటితోనే బాగుంది కదా, జెట్ ఎందుకని విమానయాన సంస్థలు పెదవి విరిచాయి. ఇంగ్లాండు వాళ్లు అంతకుముందే ఒక జెట్ విమానం చేస్తే, అది గాలిలోనే పగిలిపోయింది. పైకెళ్లినప్పుడల్లా పొట్ట ఉబ్బి, దిగినప్పుడల్లా తగ్గి, రేకు అలిసిపోయి చీలింది. అలాంటి సమయంలో, ఎవరూ అడక్కుండానే, ఒక్క ఆర్డరు లేకుండానే ఈ కంపెనీ సొంత ఖర్చుతో దీన్ని కట్టింది. మనుషుల్ని మోసే విమానమూ, ఆకాశంలో యుద్ధవిమానాలకు ఇంధనం పోసే ట్యాంకరూ ఈ ఒక్క నమూనా నుంచే పుట్టాయి.

ఆమె శ్రద్ధగా విన్నది. "మా ఆయన పదకొండుసార్లు ఎక్కిండు. నేను ఒక్కపారి సుత ఎక్కలే. రేకు అలిసిపోతదా? నిజంగా?"

"అలిసిపోతుందమ్మా."

"గది అలిసిపోయిందని మీకెట్ల ఎరుకైతది? మనిషి అయితే చెప్తడు."

పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లలో ఒక్క విద్యార్థీ ఇంత సూటిగా అడగలేదు. బీటలు వెతికే పద్ధతులు చెబుతుండగానే కామారెడ్డి వచ్చేసింది.

కామారెడ్డి

స్టేషన్ రోడ్డు పొడుగునా టికెట్లు, వీసాల బోర్డులు. లాడ్జిలో సామాను పెట్టి భోజనానికి వెళ్లాను. నేను మాంసం తినను. జొన్నరొట్టె చెప్పి, అలవాటుగా "కూర ఏముంది?" అన్నాను. "మస్తుగున్నది మేడం, ఇప్పుడే దిగింది" అంటూ హోటలాయన వేడివేడి మటన్ తెచ్చి పెట్టాడు. ఇక్కడ 'కూర' అంటే మాంసమేనట! వంకాయలు, బెండకాయలు కావాలంటే పేరు పెట్టి అడగాలి. ఆయనే గిన్నె తీసేసి, పప్పు, పచ్చిపులుసు తెచ్చాడు. మా వైపు చింతపండు పులుసును కాచకుండా తాగేవాళ్లను నేను చూడలేదు. రెండు గ్లాసులు తాగాను.

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సు. కండక్టరు ఒక అమ్మాయి. ఆడవాళ్లందరికీ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు చింపుతూ నా దగ్గరకొచ్చి ఆధార్ చూసింది. "మీది ఆంధ్ర కార్డు మేడం. మీకు వర్తించదు."

డబ్బు తీసి ఇచ్చాను. పక్కన కూర్చున్న ముసలమ్మ ఊరుకోలేదు. "ఆడామె కాదా ఏంది? రాష్ట్రం మారితే ఆడామె మగాడైతదా?" అని కండక్టరు మీదికి లేచింది. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, "రూల్ నేను పెట్టలే అవ్వా" అంది. లింగంపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ముసలమ్మ మాత్రం దిగేదాకా రూలుతో పోట్లాడుతూనే ఉంది.

ఎల్లారెడ్డి

బస్టాండ్ పక్కన రేకుల షెడ్డు. గోడనిండా వీపుకు తగిలించుకుని పురుగుమందు కొట్టే పంపులు. వాటి మధ్య, నెరిసిన జుట్టు, చేతులకు గ్రీజుతో సాయిలు. యాభై ఐదేళ్లుంటాయి. నేనెవరో చెబితే ముందు నమ్మలేదు.

"తప్పు రాసిన్రు అని నేను రాస్తే తిట్టనీకి అచ్చిన్రా అక్కా?"

"తప్పు దిద్దించుకోవడానికి వచ్చాను."

మూల చాప మీద చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆయన భార్య గంగామణి తలెత్తింది. "చూసినవా? నేను చెప్పలే, అస్తరని" అంది. చేతులు మాత్రం ఆగలేదు.

సాయిలు గల్ఫ్‌లో పదకొండేళ్లు ఒక సైనిక విమానస్థావరంలో పనిచేశాడు. శుభ్రం చేసే పని. లోపల నేల తుడవడం, చెత్త ఎత్తడం, మరుగుదొడ్లు కడగడం, అద్దాలు తుడవడం. అక్కడ ఉండేవి పాత ట్యాంకర్లు, నేను రాసిన ఆ నమూనాకు సొంత బిడ్డలు. గొట్టం నడిపే ఉద్యోగి పడుకునే గుంట తోక దగ్గర, నేల కింద ఉంటుంది. అందులోకి పెద్ద శరీరం ఉన్నవాళ్లు దూరలేరని, సన్నగా ఉన్న సాయిలును పంపేవారు.

బల్ల మీది పంపులు పక్కకు నెట్టి, సాయిలు దాని మీద బోర్లా పడుకున్నాడు. గడ్డం కింద గుడ్డల మూట పెట్టుకున్నాడు.

"గిట్ల. కుడిచేతి కాడ ఒక పుల్ల. దాన్ని ఎటు ఒంపితే గొట్టం అటు పోతది. గొట్టానికి రెండు చిన్న రెక్కలుంటయి, అదే సుత ఎగురుతది. ఎడమచేతి కాడ ఇంకోటి, గొట్టం బారుగ చేసెతందుకు. తాగే గాలిమోటరు ఎనుక నుంచి, కింది నుంచి అచ్చి నిలబడతది. పండుకున్నాయన గొట్టం దింపి దాని నెత్తిమీది సందుల పెడతడు. నడిపెటాయన ఒకసారి సైగలు జేసి చూపించిండు నాకు."

నేను పుస్తకంలో 'ఇంధన వాహక విమానం', 'ఇంధన గ్రాహక విమానం' అని రాశాను. సాయిలు 'పోసే గాలిమోటరు', 'తాగే గాలిమోటరు' అంటున్నాడు. అక్కడే కూర్చుని నా ప్రూఫుల్లో ఆ రెండు మాటలూ కొట్టేశాను.

"ఈ సంగతులు ఊళ్లో ఎవరికైనా చెప్పారా?" అని అడిగాను.

గంగామణి జవాబిచ్చింది. "చెప్పిండు. చెప్పినందుకు గప్పాల సాయిలు అని పేరు పెట్టిన్రు. పదేండ్ల సంది గదే పేరు."

గప్పాలు, అంటే కోతలు, కావని చూపడానికి ఆధారం లేదు. స్థావరంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఫోటో లేదు. గుర్తింపు కార్డు తిరిగొచ్చేటప్పుడు తీసేసుకున్నారు. ఆకాశంలో పెట్రోలు పోయడం ఇప్పుడు ఫోన్లలో అందరూ చూస్తున్నారు, అది నమ్ముతారు. సాయిలు ఆ గుంటలో పడుకున్నాడంటేనే నమ్మరు. బాత్రూములు కడిగేవాణ్ణి అక్కడిదాకా ఎవరు రానిస్తారని వాళ్ల వాదన.

మధ్యాహ్నం గంగామణి సర్వపిండి చేసిపెట్టింది. గిన్నె లోపలే అంటించి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, నువ్వులు, పల్లీలు తగులుతూ. మా తపాలచెక్కకు చుట్టమే గానీ దీనికి కారం ఎక్కువ. కళ్లనీళ్లతో తిన్నాను.

బడి గేటు దగ్గర

నేను వస్తున్నానని పత్రిక వాళ్ల ద్వారా తెలిసి, పట్టణంలోని ఒక ప్రైవేటు బడి కరస్పాండెంటు ముందే ఫోన్ చేశారు. సైన్సు దినం సభలో మాట్లాడమన్నారు. నాతో సాయిలు కూడా మాట్లాడతారని చెప్పాను. సరే అన్నారు. ఆ పేరు వినీ విననట్టు సరే అన్నారని తర్వాత తెలిసింది.

సంగతి చెబితే, మూడు గంటలకల్లా సాయిలు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. గోళ్లలో గ్రీజు పోవడానికి కిరోసిన్‌తో అరగంట రుద్దుకున్నాడు. పిల్లలకు చూపించడానికని ఒక పంపు గొట్టం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. బడి గేటు మీద నా ఫోటోతో ఫ్లెక్సీ, దాని కింద 'ప్రముఖ అంతరిక్ష శాస్త్రవేత్త' అని ఉంది. నేను పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పినదాన్ని. అంతరిక్షానికీ నాకూ ఏ సంబంధమూ లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను లోపలికి పంపి, సాయిలును ఆపాడు. ఆఫీసులో కరస్పాండెంటు చాయ్ తెప్పించారు.

"ఆయన్ని పిలిపించండి" అన్నాను.

"మేడం, మీరు పెద్దోళ్లు, అర్థం చేసుకోవాలె. సాయిలు మంచోడే. మా పొలం పంపులు సుత ఆయనే బాగుచేస్తడు. కానీ స్టేజీ వేరే. గాలిమోటర్లల్ల బాత్రూములు కడిగినాయన అచ్చి సైన్సు చెప్పిండంటే తల్లిదండ్రులు ఏమనుకుంటరు? మా స్కూలు ఇజ్జత్ ఏమైతది?"

"నా పుస్తకంలో తప్పు పట్టుకున్నది ఆయనే."

"గది మీరు చెప్పుండ్రి మేడం. ఆయన పేరు సుత చెప్పుండ్రి, చప్పట్లు కొట్టిస్త. స్టేజీ ఒద్దు."

బయటికొచ్చి సాయిలుకు చెప్పాను. ఆయన చంకలోని గొట్టం చేతిలోకి తీసుకుని, నేల చూస్తూ అన్నాడు. "మీరు మాట్లాడుండ్రి అక్కా. నాకు అలవాటైంది."

ఆ మాటకు నాకు వచ్చినంత కోపం కరస్పాండెంటు మాటలకు రాలేదు. తిరిగి లోపలికి వెళ్లి నేరుగా వేదిక ఎక్కాను. ఎదురుగా నేలమీద వరసగా పిల్లలు. మైకు అందుకున్నాను.

"నేను శాస్త్రవేత్తను కాను, ఫ్లెక్సీలో తప్పు పడింది. నేను రాసిన దాంట్లో కూడా ఒక తప్పు పడింది. దాన్ని పట్టుకున్నాయన మీ ఊరాయన. ఆ విమానాన్ని చేతులతో ముట్టుకున్నాయన. ఆయన్ని గేటు బయట నిలబెట్టారు. నేను బొమ్మలు చూసి రాశాను, ఆయన లోపల పడుకుని చూశాడు. ఆయన మాట్లాడని చోట నేను మాట్లాడను."

మైకు పెట్టేసి మెట్లు దిగుతుంటే, మూడో వరుసలో రెండు జడల అమ్మాయి లేచి నిలబడింది. "మరి ఆయన ఏడ చెప్తడు మేడం?"

ఏమీ ఆలోచించలేదు. "రేపు అంగడిలో" అనేశాను. పొద్దున బస్సు దిగినప్పుడు, రేపు వారపు అంగడి, మా వైపు మాటలో సంత, అని ఎవరో అనుకోగా విన్నాను, అంతే.

సాయిలు భయపడిపోయాడు. "అంగడిలనా? మందిలనా? నవ్వుతరక్కా!"

ఇంటికెళ్లి చెబితే, గంగామణి చాట పక్కనపెట్టి లేచి నిలబడింది. "నవ్వనీయ్. పదేండ్ల సంది నవ్వుతనే ఉన్నరు, ఇంకో దినం నవ్వితే ఏమైతది? జాగ నేను పడతా. ఏం గీస్తరో చెప్పుండ్రి, ముగ్గు నేను పోస్తా."

అంగడి

తెల్లవారుతుండగానే అంగడి మైదానానికి వెళ్లాం. మేకల వాళ్లు తప్ప ఇంకా ఎవరూ రాలేదు. సాయిలు దగ్గర టేపు, తాడు, నాలుగు మేకులు. గంగామణి దగ్గర బస్తా ముగ్గుపిండి.

నమూనా విమానాన్ని అసలు కొలతలతోనే గీయాలన్నది సాయిలు పట్టుదల. చిన్నగా గీస్తే మళ్లీ బొమ్మే అవుతుందన్నాడు. ముక్కు నుంచి తోక దాకా నూట ఇరవై ఎనిమిది అడుగులు. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు నూటముప్పై. ఒళ్లు పదకొండడుగుల వెడల్పు. రెక్కలు వెనక్కి వాలాలి. ఆ వాలు తాడుతో కుదరక మూడుసార్లు చెరిపాం. ఒకసారి టేపు కొస మేక నోట్లో పడి, అంగుళాలు నాలుగు పోయాయి. అప్పటినుంచి ప్రతి కొలతకూ నాలుగు కలుపుకున్నాం.

ఎండ ఎక్కేసరికి మైదానం నడుమ తెల్లటి విమానం పడుకుని ఉంది. ఇన్నేళ్లు కాగితం మీద చూశాను. దాని ముక్కు నుంచి తోక దాకా ఒకసారి నడిచాను.

అప్పుడొచ్చాడు అంగడిలో పన్ను వసూలుకు వేలంపాట పాడుకున్న గుత్తేదారు. "ఎవల్ని అడిగి గీసిన్రు గిది?"

గంగామణి చేతిలో పిండి దులుపుకోలేదు. "ముగ్గేసుటానికి ఎవల్ని అడగాలె? మీ ఇంట్ల అడిగే ఏస్తరా?"

"గిది అంగడి జాగ!"

"నీ జాగ ఏడికి పోలే. కూసునేటోళ్లు ముగ్గు మీద్నే కూసుంటరు. తైబజారు పన్ను నీకు అచ్చేది అస్తది. పో."

గుత్తేదారు ఏదో గొణిగాడు గానీ, జనం అప్పటికే చేరుతున్నారు. ఉల్లిగడ్డలామె వచ్చి తన రోజువారీ చోటు చూసుకుంది. అది ఎడమ రెక్కలో పడింది. అక్కడే గోనెసంచి పరిచింది. గాజులామె ఒక ఇంజను గుండ్రంలో కూర్చుని, నా చేతిలోని బొమ్మ చూసి, "నడుమ కాకుండ ఇంజన్లు రెక్కల కింద ఏలాడేసిన్రేంది?" అంది.

సాయిలు జవాబు నాకు వదిలేసి టేపు చుట్టుకోసాగాడు. నేను వెనక్కి జరిగాను. నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఇక తప్పదని మొదలుపెట్టాడు.

"ఒక ఇంజనుకు మంటంటుకుంటే గది రెక్కకు, ఒంటికి అంటొద్దని. దూరంగ ఏలాడేస్తే మంట ఆడిదాడనే ఉంటది. బాగుచేసుటానికి సుత సులువు. నిచ్చెన ఏసుకుంటే చేతికందుతది."

ఆ మాటతో గొంతు దారిలో పడింది. నేను చెప్పిన సంగతులూ ఆయనే చెప్పాడు. నమూనా ఎగరకముందే, నేలమీద పరుగెత్తించి చూస్తుంటే ఎడమకాలు విరిగి చతికిలపడిన సంగతి చెప్పినప్పుడు జనం గొల్లుమన్నారు. "నవ్వుండ్రి. ఆడ సుత నవ్వే ఉంటరు. కాలు బాగుచేసిన్రు, ఎగిరించిన్రు" అన్నాడు సాయిలు. తోక కింద గొట్టం బిగించి, వెనకాల వేరే విమానం వచ్చి నిలబడగలదా అని పరీక్షించిన సంగతి తన పంపు గొట్టంతో చూపించాడు.

వెడల్పు సంగతి వచ్చినప్పుడు గంగామణి ఆడవాళ్లను లాక్కొచ్చి, పదకొండడుగుల గీతల మధ్య వరసగా కూర్చోబెట్టింది. నడిచే దారి వదిలితే అయిదుగురు పట్టారు. ఆరో మనిషి, మన ఉల్లిగడ్డలామె, బయట నిలబడిపోయింది.

"నేను ఏడ కూసోవాలె?"

"గదే అడిగిన్రు గాలిమోటర్లు కొనెటోళ్లు సుత" అన్నాడు సాయిలు. "ట్యాంకరు అడిగిన సైన్యపోళ్లు ఇంకో పన్నెండు ఇంచులు పెంచుమన్నరు. పెంచిన్రు. ఎక్కేటోళ్ల గాలిమోటరుకు గది సుత సాలలే. ఇంకో నాలుగు ఇంచులు."

గంగామణి కొత్త గీత పోసింది. మరో నాలుగు అంగుళాలకు ఇంకో గీత. ఉల్లిగడ్డలామె దూరి కూర్చుంది. రెండు పక్కలవాళ్లూ మొత్తుకున్నారు గానీ కూర్చుంది.

"నాలుగు ఇంచులకే గింత లొల్లా?" అన్నాడు ఒక రైతు.

"ఆ నాలుగు ఇంచుల కోసం చేసుకున్న అచ్చులు పక్కన పెట్టి మళ్లీ కొత్తవి చేసుకున్నారు కంపెనీ వాళ్లు" అన్నాను నేను. ఆ పూటంతా నేను మాట్లాడింది ఇంచుమించు అంతే.

బడి నుంచి ఎవరూ రారనుకున్నాను. కూరగాయల సంచితో ఆ బడి సైన్సు టీచరు వచ్చి, ముక్కు దగ్గర చివరిదాకా నిలబడ్డాడు. రెండు జడల అమ్మాయి తల్లితో వచ్చి, కాక్‌పిట్ గీతలో కూర్చుని లేవనంది.

అప్పుడు గుంపులోంచి ఒకాయన గొంతు పెంచాడు. తొలిసారి 'గప్పాల సాయిలు' అన్నది ఆయనేనని గంగామణి నా చెవిలో చెప్పింది.

"ఇదంత సరే సాయిలు. నువ్వు దాంట్ల ఎగిరినవా? నిజం చెప్పు. ఆ అద్దంలకెళ్లి నీకేం కనవడ్డది?"

ఒక్క అబద్ధం చెబితే సాయిలు ఆ రోజు రాజు అయిపోయేవాడు. ఎగిరాను అంటే చాలు, కాదనే సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు.

"ఎగరలే" అన్నాడు. "ఎగిరిన అని నేను ఎన్నడన్నా అన్ననా? ఆగిన గాలిమోటరుల పండుకున్న. అద్దంలకెళ్లి సిమెంటు కనవడ్డది. సిమెంటే చూసిన పదకొండేండ్లు. కానీ ఆ అద్దం మీద ఒక మరకుంటే, పైన ఎనుక నుంచి అచ్చే గాలిమోటరు ఆ మరకల దాగుతది. రెండు బండ్లు గుద్దుకుంటే అందరు సస్తరు. నేను తుడిచిన అద్దం మీద ఒక్కనాడు మరక లేదు. గిది గప్పా కాదు. నమ్మితే నమ్ముండ్రి, లేకుంటే పోండ్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ అడిగినాయన తోక దగ్గరికి నడిచి వెళ్లి, గొట్టం గీసిన చోట వంగి చూశాడు. "మరి గుంట ఎంత బారుంటది?" అని అడిగాడు, గొంతు తగ్గించి. సాయిలు టేపు తీసుకుని అటు నడిచాడు.

మళ్లీ కామారెడ్డి

తిరుగు బస్సు దిగి, కామారెడ్డి బస్టాండులోనే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. ట్యాంకరు అధ్యాయం మొత్తం తిరగరాస్తానని, అట్ట మీద సాయిలు పేరు కూడా ఉండాలని చెప్పాను.

"లోపల కృతజ్ఞతల్లో వేద్దామండీ. అట్ట మీద క్లీనరు పేరుంటే ఎవరు కొంటారు?"

"అయితే నా పేరు కూడా వద్దు. రాతప్రతి వెనక్కి పంపేయండి."

పంపేస్తానన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా.

ఆ మాటల్లో పడి బస్టాండులో ఆలస్యం చేశాను. రైలు వెళ్లిపోయింది. తర్వాతి రైలుకు మూడు గంటలు. ఎండకు తాళలేక స్టేషన్ రోడ్డులో ఒక ప్రెస్సులోకి దూరాను. పెళ్లి కార్డులు, ఎన్నికల కరపత్రాలు, విత్తనాల దుకాణం రసీదులు వేసే ప్రెస్సు. యజమాని మంచినీళ్లిచ్చి, ఏ ఊరని అడిగాడు. ఏం పని మీద వచ్చానో చెప్పాను. చెబుతూ చెబుతూ, "మీరు పుస్తకాలు వేస్తారా?" అన్నాను.

"ఇప్పటిదాక వేయలే. భజన పుస్తకం ఒకటి వేసిన. వేస్తే ఏమైతది?" అన్నాడాయన.

అక్కడికక్కడే కంప్యూటరు ముందు కూర్చుని పేరు పేజీ కూర్చడం మొదలుపెట్టాం. నా పేరు, సాయిలు పేరు ఒకే పరిమాణంలో, ఒకే గీత మీద. నా పేరు కింద 'విశ్రాంత అధ్యాపకురాలు' అని వేశాడు. సాయిలు పేరు కింద చేతులు ఆగాయి.

"ఈయనకు ఏం వేయమంటరు మేడం? విమాన సాంకేతిక నిపుణులు అని వేద్దామా? మంచిగుంటది."

"ఆయన్నే అడుగుదాం" అని ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. అటునుంచి పంపు కొడుతున్న చప్పుడు, వెనక గంగామణి ఎవరితోనో గట్టిగా నవ్వుతున్న చప్పుడు. ప్రెస్సాయన సంగతి చెప్పాడు.

సాయిలు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నిపుణులు గిపుణులు ఒద్దన్నా. గాలిమోటర్ల అద్దాలు తుడిచిన అని ఏయి. పెద్దక్షరాలల్ల ఏయి."

వేశాడు.